ఎర్త్ పిన్ తీసేయకు తమ్ముడూ: డిఎస్ఓ వాడకం, సంరక్షణ గురించి

హన్మకొండలో రిపేరు దుకాణం పెట్టుకున్న ఒక తమ్ముడు అడిగిన సంగతి ఇది. ఎలక్ట్రానిక్ కాంటాలు, స్కూటర్ చార్జర్లు, ఇన్వర్టర్లు బాగుచేస్తాడట. ఈమధ్య రెండు చానెళ్ల డిఎస్ఓ, అంటే కరెంటు వేవ్‌ను తెర మీద గీసి చూపించే డిజిటల్ స్కోపు, ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. 5 వోల్టులు పెడితే అది 50 చూపిస్తోంది. వేవ్ తెర మీద నిలవకుండా పరుగెడుతోంది. ఎండ ముదిరితే దానంతట అదే ఆగిపోతోంది. చార్జర్ బోర్డుకు ప్రోబు (కొలిచే తీగ) క్లిప్పు తగిలించగానే దుకాణంలో ఆర్‌సిసిబి, అంటే కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్, పడిపోతోంది. పక్క మెకానిక్ "ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ తీసెయ్, అంతా సెట్ అయితది" అన్నాడట. తీసేయమంటారా అని, ఇంకో మంచి డిఎస్ఓ కొనుక్కోమంటారా అని అడుగుతున్నాడు.

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత. ముందు ఆ పిన్ సంగతి. ఇప్పటికే తీసేసి ఉంటే చదవడం ఆపి, ముందు వెళ్లి ప్లగ్గు ఊడదీసి రా.

వచ్చావా? ఇప్పుడు మంచి ఎర్త్ పిన్ ఉన్న తీగ ఒకటి డిఎస్ఓకు పెట్టు. గోడకు మాత్రం పెట్టకు. మల్టీమీటర్‌ను బీప్‌లో పెట్టి, ఒక తీగ ప్లగ్గు లావు పిన్‌కు, రెండోది ముందు ప్రోబు తగిలించే గుండ్రటి బిఎన్‌సి సాకెట్ బయటి రింగుకు ఆనించు. బీప్ వస్తుంది. రెండో చానెల్ రింగుకు ఆనించు, వస్తుంది. యుఎస్‌బి సాకెట్ రేకుకు ఆనించు, వస్తుంది. ప్రోబు తగిలించి దాని క్రొకడైల్ క్లిప్పుకు ఆనించు, అక్కడా వస్తుంది. అంటే ఇవన్నీ ఒకే తీగ. ఆ తీగ రెండో కొస మీ దుకాణం వెనక ఎర్తింగ్ గుంతలో ఉంది.

మల్టీమీటర్ నల్ల తీగ బ్యాటరీ మీద నడిచే డబ్బాది, దాన్ని ఎక్కడ పెట్టినా దానికి పట్టింపు లేదు. డిఎస్ఓ క్లిప్పు అలాంటిది కాదు. నువ్వు క్లిప్పు ఎక్కడ తగిలిస్తే బోర్డులో ఆ చోటును నేలకు కట్టేసినట్టే.

ఇప్పుడు నీ చార్జర్ చూద్దాం. 230 వోల్టుల ఏసీ నాలుగు డయోడ్ల బ్రిడ్జి దాటి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల డీసీగా నిలబడుతుంది. 230 ని 1.414 తో గుణిస్తే వచ్చేది అదే. ఆ కెపాసిటర్ మైనస్ కాలును మనవాళ్లు హాట్ గ్రౌండ్ అంటారు. పేరులో గ్రౌండ్ ఉందని మోసపోతాం. కరెంటు ఒక అరచక్రంలో ఆ కాలు బ్రిడ్జి డయోడు గుండా న్యూట్రల్‌తో కలిసి ఉంటుంది. రెండో అరచక్రంలో ఇంకో డయోడు గుండా ఫేజుతో కలిసి ఎర్త్ కంటే 325 వోల్టుల దాకా కిందికి పోతుంది. అక్కడ క్లిప్పు పెట్టావంటే ఫేజు, డయోడు, క్లిప్పు, డిఎస్ఓ, ఎర్త్ అన్నీ కలిసి నేరుగా షార్ట్. ఇళ్లల్లో పెట్టే ఆర్‌సిసిబి ఎక్కువగా 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడుతుంది. ఇక్కడ పోయేది దానికి వేల రెట్లు. అది పడకపోతే బ్రిడ్జి డయోడ్లు పేలేవి, క్లిప్పు పళ్లు కరిగేవి, డిఎస్ఓ లోపలి ట్రాకు కూడా పోయేదేమో. నిజానికి అది నీ పెట్టుబడిని కాపాడింది, నువ్వేమో దాన్ని తిడుతున్నావు.

పిన్ తీసేస్తే ఆర్‌సిసిబి పడదు. వేవ్ కూడా చక్కగా కనిపిస్తుంది. అసలు ప్రమాదం అదే, పని జరిగిపోయినట్టు అనిపిస్తుంది. కానీ ఇందాక నువ్వు బీప్ విన్న ప్రతి రేకూ ఇప్పుడు హాట్ గ్రౌండ్‌లో ఉంది. బిఎన్‌సి రింగు, యుఎస్‌బి రేకు, వెనక స్క్రూలు, రెండో ప్రోబు క్లిప్పు, యుఎస్‌బికి లాప్‌టాప్ కలిపి ఉంటే ఆ లాప్‌టాప్ కూడా. చెప్పుల్లేకుండా బండల మీద నిలబడి ప్రోబు మార్చబోతే మళ్లీ చెప్పుకోవడానికి మనిషి మిగలడు.

ఊరికే భయపెట్టడం లేదు. మన వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీ ఆర్ఈసీ నుంచి ఎన్ఐటీగా మారిన ఏడాది, 2002లో, నేనూ పిన్ తీసిన తీగతోనే ఒక మానిటర్ బాగుచేస్తూ పాత ట్యూబు స్కోపు (సీఆర్ఓ) నాబ్ పక్కనున్న స్క్రూ ముట్టుకున్నాను. స్టూలు ఒక దిక్కు, నేను ఒక దిక్కు. మోచేయి దాకా రెండు రోజులు తిమ్మిరి. చెక్క స్టూలు, రబ్బరు చెప్పులు ఉండబట్టి బతికాను.

మరి చార్జర్ ప్రైమరీ వైపు, అంటే గోడ కరెంటు వచ్చే వైపు, ఎలా చూడాలి? లోపలి చుట్ట, బయటి చుట్ట వేరువేరుగా ఉండే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 230 కి 230, చిన్న పనులకు 500 విఏ చాలు. అది బోర్డుకు పెట్టాలి, డిఎస్ఓకు కాదు. డిఎస్ఓ మామూలుగా మూడు పిన్నులతో గోడకే ఉండాలి. చాలామంది తిరగేసి పెడతారు. వోల్టేజీ పెంచి తగ్గించే వేరియాక్ పెట్టినా చాలదు, దాంట్లో లోపలా బయటా ఒకే చుట్ట. స్టెబిలైజర్లు కూడా దాదాపు అంతే. ఇంటి ఇన్వర్టర్‌ను నమ్ముకోవద్దు, న్యూట్రల్ నేరుగా దాటిపోయే రకాలే ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మర్‌కు, బోర్డుకు మధ్య 100 వాట్ల సీరీస్ బల్బు ఉంచు. బోర్డులో షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది, ఇంకేమీ కాలదు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఐసొలేషన్ వెనకున్న బోర్డుకు క్లిప్పు తగిలించిన క్షణం ఆ చోటు మళ్లీ ఎర్త్ అయిపోయింది. ఆ తర్వాత మిగతా బోర్డు ముట్టుకుంటే షాక్ కొడుతుంది, ఆర్‌సిసిబి కూడా పడదు. అందుకే కరెంటు ఆపి, పెద్ద కెపాసిటర్ డిస్చార్జి చేసి, క్లిప్పు పెట్టి, ఆ తర్వాతే స్విచ్ వెయ్యి. రెండో చానెల్ క్లిప్పు పెడితే మొదటిది ఉన్న చోటే పెట్టు. వేరే చోట పెడితే ఆ రెండు చోట్లనూ డిఎస్ఓ లోపలి నుంచి షార్ట్ చేసినట్టు.

ప్రోబు మీద, బిఎన్‌సి పక్కన ఎన్ని వోల్టులు తట్టుకుంటుందో రాసి ఉంటుంది, చదువు. మామూలు 10ఎక్స్ ప్రోబుతో (సిగ్నల్‌ను పదో వంతు చేసి ఇచ్చేది) చార్జర్‌లో స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ డ్రెయిన్ కాలు చూడొద్దు. 325 మీద ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి తన్నే వోల్టేజీ కూడా కలిసి 500, 600 దాకా లేస్తుంది. దానికి 100ఎక్స్ ప్రోబు వేరే ఉంటుంది. బోరు మోటార్ల త్రీఫేజు డ్రైవులకు దిగితే అక్కడ 415 వోల్టుల ఏసీకి లోపలి డీసీ లైనే 587 వోల్టులు. అప్పుడు ఎర్త్‌తో పని లేకుండా రెండు చోట్ల మధ్య తేడా కొలిచే డిఫరెన్షియల్ ప్రోబు లేకుండా చెయ్యి పెట్టకు.

మీ దుకాణం సాకెట్లో ఎర్త్ నిజంగా ఉందా అన్నది ఇంకో ప్రశ్న. నీ ఆర్‌సిసిబి పడుతోందంటే ఎంతో కొంత ఉన్నట్టే, అయినా చూసుకో. పాత మడిగెల్లో మూడో రంధ్రం వెనక తీగే ఉండదు. మల్టీమీటర్ ఏసీలో పెట్టి ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య చూడు. తర్వాత ఫేజుకు, ఎర్త్‌కు మధ్య. రెండూ దాదాపు ఒకటే రావాలి. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య ఒకటి రెండు వోల్టులు ఉంటే సరే. పది, ఇరవై ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలువు. డిఎస్ఓ రేకు ముడితే వేళ్లకు చిమచిమలాడుతోందంటే ఎర్త్ లేదని అదే చెబుతోంది. లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే లీకేజీకి పోయే దారి లేక రేకు మీద నిలబడుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎర్తింగ్ గుంత ఎండిపోతుంది. బొగ్గు, ఉప్పు వేసిన పాత గుంతైతే వారానికి రెండు బిందెల నీళ్లు పోయించు.

ఇక 5 వోల్టులు 50 గా కనిపించడం. ఇది రోగం కాదు. ప్రోబు పిడి మీద 1ఎక్స్, 10ఎక్స్ అని చిన్న స్విచ్ ఉంది కదా, అది 1ఎక్స్‌లో ఉంది. చానెల్ మెనూలో మాత్రం 10ఎక్స్ అని పెట్టి ఉంది. డిఎస్ఓ పదితో గుణించి చూపిస్తోంది. రెండూ 10ఎక్స్‌లో పెట్టి, స్విచ్ కదలకుండా టేపు వెయ్యి. 1ఎక్స్‌లో ప్రోబు కొన్ని మెగాహెర్ట్జ్‌లకే చతికిలపడుతుంది, పైగా వంద పికోఫారడ్లకు అటూ ఇటూ కెపాసిటర్ బరువు బోర్డు మీద వేస్తుంది. 10ఎక్స్‌లో ఆ బరువు పదీ పదిహేను పికోఫారడ్లే. కాంటా బోర్డులో గడియారంలా టిక్కులిచ్చే క్రిస్టల్ కాలు మీద 1ఎక్స్ ప్రోబు పెడితే క్రిస్టల్ ఆగిపోవచ్చు. "క్రిస్టల్ పోయిందన్నా" అని కొత్తది వేసినవాళ్లు నాకు తెలుసు. ప్రోబు తీస్తే పాతదే నడిచేది.

10ఎక్స్‌లో పెట్టాక కాంపెన్సేషన్, అంటే ప్రోబును ఆ చానెల్‌కు సర్దడం, చెయ్యి. డిఎస్ఓ ముందు చిన్న కొక్కెం ఉంటుంది, దాంట్లోంచి 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ వస్తుంది. ప్రోబు దానికి తగిలించు. మూలలు గుండ్రంగా ఉన్నా, కొమ్ముల్లా పైకి లేచినా ప్రోబు మీది స్క్రూను ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా తిప్పు. ఇనుప స్క్రూడ్రైవర్ దగ్గరికి వస్తేనే వేవ్ మారుతుంది, చెయ్యి తీయగానే మళ్లీ మారుతుంది. మూలలు సూటిగా, ఇటుక అంచులా నిలబడితే అయిపోయినట్టు. ఏ ప్రోబు ఏ చానెల్‌కు సర్దావో దానికే ఉంచు. ప్రోబుతో వచ్చిన రంగు రింగులు అందుకే.

వేవ్ పరుగెడుతోందంటే ట్రిగ్గర్, అంటే ప్రతిసారీ వేవ్‌ను ఒకే చోటు నుంచి గీయించే గుర్తు, దొరకడం లేదు. ముందు ట్రిగ్గర్ మెనూలో సోర్స్ చూడు. నువ్వు సిగ్నల్ ఇచ్చింది ఒకటో చానెల్‌కు, ట్రిగ్గర్ ఉన్నది రెండో దాని మీద అయితే జాతర రోజంతా అది పరుగెడుతూనే ఉంటుంది. తర్వాత లెవెల్ నాబ్ తిప్పి ఆ చిన్న బాణం గుర్తును వేవ్ నడుమకు తీసుకురా. గుర్తు వేవ్‌కు పైనో కిందో ఉంటే పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆటో మోడ్‌లో ట్రిగ్గర్ దొరకకున్నా ఏదో ఒకటి చూపిస్తూ ఉంటుంది. నార్మల్‌లో దొరికినప్పుడే చూపిస్తుంది. సింగిల్‌లో ఒక్కసారి పట్టి ఆగిపోతుంది. స్విచ్ వేసిన క్షణంలో 5 వోల్టుల లైను ఎలా లేస్తోందో, రీసెట్ పల్సు వస్తోందో లేదో చూడాలంటే సింగిలే మంచి దారి. పాత సీఆర్ఓలో మనం అది చూడలేక చచ్చేవాళ్లం. ఆటోసెట్ బటన్‌ను మాత్రం నేర్చుకునే రోజుల్లో ముట్టుకోకు. నువ్వు పెట్టుకున్న సెట్టింగులన్నీ తుడిచేసి, దానికి తోచింది పెడుతుంది.

ఇప్పుడు నువ్వు అడగనిది ఒకటి చెబుతాను. డిజిటల్ స్కోపు అబద్ధం చెప్పే చోటు ఇది.

మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ నుంచి ఒక కాంటా వచ్చింది. అంకెలు నిలవడం లేదు, ఖాళీ ప్లేటు మీద కూడా ఇరవై, ముప్పై గ్రాములు ఆడుతున్నాయి. అప్పటి నా డిఎస్ఓలో మెమరీ 2,500 పాయింట్లే. సప్లై లైను మీద ప్రోబు పెట్టి, తెర మీది ఒక్కో గడికి 25 మిల్లీసెకన్లలో చూశాను. చక్కగా 100 హెర్ట్జ్ అలలు. 50 హెర్ట్జ్ కరెంటు బ్రిడ్జి దాటితే డీసీ మీద మిగిలే అల, అంటే రిపిల్, 100 హెర్ట్జే కదా, ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయిందనుకుని మార్చాను. పోలేదు. ఇంకోటి పెద్దది వేశాను. పోలేదు. అలలు కాసేపు 100, కాసేపు 90 చూపిస్తున్నాయి. కరెంటు ఫ్రీక్వెన్సీ అలా ఆడదు, అక్కడే అనుమానం రావాల్సింది.

లెక్క చూడు. పది గళ్లు, గడికి 25 మిల్లీసెకన్లు, మొత్తం 250 మిల్లీసెకన్లు. అందులో 2,500 పాయింట్లు. అంటే సెకనుకు 10,000 శాంపిళ్లే. డబ్బా మీద సెకనుకు వంద కోట్లని రాసి ఉన్నా, నాబ్ నెమ్మది వైపు తిప్పినకొద్దీ మెమరీ చాలక అది పడిపోతుంది. అడాప్టర్ స్విచింగ్ నాయిస్ 60.1 కిలోహెర్ట్జ్‌లో వస్తోంది. సెకనుకు 10,000 సార్లు చూసేవాడికి అది 100 హెర్ట్జ్‌గానే కనిపిస్తుంది. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరిగినట్టు కనిపించడం లాంటిదే. గడికి 10 మైక్రోసెకన్లకు తిప్పగానే అసలు వేవ్ బయటపడింది. తప్పు కాంటాది కాదు, ఆ కాంటా సేటు బజార్లో కొన్న చవక అడాప్టర్‌ది. అడాప్టర్ మార్చాను, అంకెలు నిలిచాయి.

అప్పటి నుంచి ఏ వేవ్ చూసినా టైమ్ నాబ్‌ను అటూ ఇటూ నాలుగైదు మెట్లు తిప్పి చూస్తాను. నిజమైన వేవ్ సాగుతుంది, ముడుచుకుంటుంది, ఫ్రీక్వెన్సీ అంకె మాత్రం మారదు. అంకె మారిందంటే అది దొంగ వేవ్. అక్వైర్ మెనూలో పీక్ డిటెక్ట్ ఉంటే అది పెట్టు, దాక్కున్న నాయిస్ మందపాటి పట్టీలా బయటికి వస్తుంది.

రిపిల్ కొలిచేటప్పుడు చానెల్‌ను డీసీని పక్కన పెట్టే ఏసీ కప్లింగ్‌లో, పై ఫ్రీక్వెన్సీలను కోసేసే బ్యాండ్‌విడ్త్ లిమిట్‌ను 20 మెగాహెర్ట్జ్‌లో పెట్టు. జానెడు క్లిప్పు తీగ వాడకు, అది యాంటెనాలా చుట్టూ ఉన్న చెత్తంతా పట్టుకొస్తుంది. ప్రోబు డబ్బాలో చిన్న స్ప్రింగు ఉంటుంది, చాలామంది అదేంటో తెలియక పారేస్తారు. ప్రోబు టోపీ తీసి ఆ స్ప్రింగును మొన పక్కన తొడిగితే గ్రౌండ్ దారి అంగుళం కూడా ఉండదు. ఇంకో మాట, కాంటా ప్లేటు కింద బరువు పట్టే లోడ్‌సెల్ నుంచి వచ్చే మిల్లీవోల్టులను డిఎస్ఓతో కొలిచి కాంటా తప్పా ఒప్పా తేల్చకు. మామూలు డిఎస్ఓ 8 బిట్లది, పై నుంచి కిందికి 256 మెట్లే. ఎంత ఉందో చెప్పడానికి మల్టీమీటర్ ఉంది. ఎలా ఆడుతోందో చెప్పడానికే ఇది.

వేడికి ఆగిపోవడం దగ్గరికి వద్దాం. ఈ యంత్రాలు ఎక్కువగా 40 నుంచి 50 డిగ్రీల గది వేడి వరకే పనికొస్తాయని మాన్యువల్‌లో ఉంటుంది. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం మన దగ్గర ఎంతుంటుందో నీకు చెప్పక్కర్లేదు. అయినా నాకు ముందు అనుమానం ఫ్యాన్ మీదే. నా దగ్గరికి వచ్చిన ఒక డిఎస్ఓ పక్క రంధ్రాల్లోంచి చిమటాతో లాగితే పత్తి దూది దిండు అంచులా వచ్చింది. జిన్నింగు మిల్లు పక్కన దుకాణం. మార్కెట్ దగ్గర మిర్చి ఘాటు సంగతైతే సరే సరి, ఊదేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో.

నెలకోసారి ప్లగ్గు తీసి, మెత్తని బ్రష్షుతో రంధ్రాల దుమ్ము దులిపి, చేతి బ్లోయర్‌తో బయట నుంచే ఊదు. ఊదేటప్పుడు పుల్లతో ఫ్యాన్ రెక్క ఆపి పట్టుకో, లేకపోతే గిర్రున తిరిగి బేరింగు పోతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి వద్దు, అందులో నీళ్లు, నూనె వస్తాయి. మూత విప్పకు. లోపల దాని సొంత సప్లైలో కూడా అదే 325 వోల్టులు ఉంటాయి. చుట్టూ జానెడు చోటు వదులు, పైన చార్జర్లు పేర్చకు. తెరను కాస్త తడిపిన మెత్తని గుడ్డతో తుడువు. థిన్నర్, పెట్రోల్ తగిలితే తెర పాలిపోతుంది. ఊది శుభ్రం చేశాక కూడా ఆగిపోతే ఫ్యాన్ అరిగిపోయి ఉంటుంది, అది సర్వీసు వాళ్ల పని. వానాకాలంలో నెలల తరబడి ఊరికే ఉంచకు. వారానికోసారి గంటసేపు ఆన్ చేస్తే దాని వేడికే లోపలి తేమ పోతుంది.

ప్రోబు తీగను ముంజేతికి తాడు చుట్టినట్టు చుట్టకు. లోపలి తీగ వెంట్రుకంత సన్నం. 1ఎక్స్‌లో పెట్టి మొన నుంచి బిఎన్‌సి నడిమి పిన్ దాకా కొలిస్తే రెండు మూడు వందల ఓములు రావచ్చు. అది చెడిపోవడం కాదు, తీగ తయారీయే అలా ఉంటుంది. 10ఎక్స్‌లో 9 మెగాఓములు రావాలి. క్లిప్పు నుంచి బిఎన్‌సి రింగుకు మాత్రం ఒకటి రెండు ఓములకు మించకూడదు. తీగ కదిలిస్తే అంకె ఎగిరిందంటే ప్రోబు మార్చు.

యుటిలిటీ మెనూలో సెల్ఫ్ కాలిబ్రేషన్ అని ఉంటుంది. అరగంట వేడెక్కనిచ్చి, ప్రోబులన్నీ తీసేసి, అప్పుడు నొక్కు. ప్రోబు ఉంచి నొక్కితే సున్నా గీత పక్కకు పోయి కూర్చుంటుంది. సంక్రాంతి చలికి చేసింది ఉగాదికి పనికిరాదు, కాలం మారినప్పుడల్లా చెయ్యి. ల్యాబుకు పంపి సర్టిఫికెట్ తెప్పించుకోవడం మన రిపేర్లకు అక్కర్లేదు. మల్టీమీటర్‌తో చూసిన కొత్త సెల్లు వోల్టేజీ, డిఎస్ఓలో చూసిన వోల్టేజీ దగ్గర దగ్గరగా ఉంటే చాలు.

కొత్తది కొనాలా అన్నావు. నీ డిఎస్ఓ బ్యాండ్‌విడ్త్, అంటే అది సరిగా చూపగల ఫ్రీక్వెన్సీ హద్దు, 50 మెగాహెర్ట్జే అయినా వద్దు. చార్జర్లు, ఇన్వర్టర్లు స్విచ్ అయ్యేది వందా రెండొందల కిలోహెర్ట్జ్‌ల లోపే, కాంటా బోర్డు క్రిస్టల్ కూడా పదీ పదహారు మెగాహెర్ట్జే. 0.35 ని బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే రైజ్ టైమ్, అంటే వేవ్ ఎంత త్వరగా లేచినా అది చూపగల వేగం, వస్తుంది, 50 మెగాహెర్ట్జ్‌కు 7 నానోసెకన్లు. నీ పనికి అది ధారాళం. ఆ డబ్బులతో ముందు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కొను, తర్వాత 100ఎక్స్ ప్రోబు ఒకటి. ఈ లోపల కంప్యూటరుకు వాడే మూడు పిన్నుల తీగ ఒకటి తెచ్చుకో, వెనక సాకెట్‌కు సరిగ్గా సరిపోతుంది. పిన్ తీసిన తీగ ఉంటే నడిమికి రెండు ముక్కలు చేసి పారెయ్, ఇంకెవరి చేతికీ దొరకకుండా.